దినము, రోజు ఒక్కటేనా?

ప్రాథమిక పాఠశాల పిల్లల తెలుగు పరీక్షపత్రంలో పదజాలానికి కొన్ని మార్కులు కేటాయించడం ఆనవాయితీ. నామవాచకాలకు పర్యాయపదాలు వ్రాయుమనే ప్రశ్న వాటిలో తరచుగా కనిపించేది. ఇంత చిన్న ప్రశ్నకు కళాశాల వార్షిక సంచికలో చోటెందుకని కొందరు పాఠకులు శంకింపవచ్చు. మన విద్యార్థులలో రేపు ఉపాధ్యాయ వృత్తి చేపట్టదలచినవారు పలువురున్నారు. ఇరుగుపొరుగు పిల్లలకు సాయంకాలం పాఠాలు చెప్పి ఫీజు కట్టుకుంటున్నవారూ ఉన్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేవారు చాలా చోట్ల వీరే. తెలంగాణలోని పాఠశాలలన్నింటిలో తెలుగు బోధనను దశలవారీగా తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చిన తరువాత ఆ పిల్లల సంఖ్య మరింత పెరిగింది. కనుక ఈ ప్రశ్న మనది కాదని తోసిపుచ్చడానికి వీలులేదు.

పర్యాయపదాల అభ్యాసం నేడు సాగుతున్న తీరులో రెండు అన్యాయాలు జరుగుతున్నవని నా అభిప్రాయం. ఒకటి మాటకు, మరొకటి పిల్లవానికి.

ముందుగా మాట సంగతి చూద్దాం. పరీక్షకు వారం రోజులుందనగా పిల్లల చేతికి ఒక పట్టిక వస్తుంది. ఎడమ వైపున ఒక మాట, కుడి వైపున దానికి సరిపోయే మాటలు రెండు. సూర్యుడు: రవి, భానుడు. ఇల్లు: గృహం, నికేతనం. తల్లి: మాత, జనని. పిల్లలు ఎడమ మాటను చేతితో మూసి కుడిది చెబుతారు, కుడిదానిని మూసి ఎడమది చెబుతారు. రెండు వైపులా తడుముకోకుండా చెప్పగలిగితే అభ్యాసం పూర్తి అయినట్లే. ఈ మాటలను ఏ వాక్యంలో వాడాలో, వాడితే ఏమవుతుందో ఎవరూ అడగరు. పట్టిక మధ్యనున్న గీత గణితంలోని సమానచిహ్నమని పిల్లవాని మనస్సులో నాటుకొనిపోతుంది.

ఆ భావం ఎంత పొరపాటైనదో తెలియాలంటే పెద్ద శాస్త్రం అవసరం లేదు. కొంప మునిగిందని అంటాం గాని గృహం మునిగిందని అనం. వాని మీద కన్ను పడిందంటాం, నేత్రం పడిందంటే వినేవారు నవ్వుతారు. ఆకలైన పిల్లవాడు అమ్మను పిలుస్తాడు, జననిని కాదు. దినము, రోజు అనే జంటను చూడండి. ఇవి పట్టికలో చెట్టపట్టాలు వేసుకొని నిలబడతాయి. కాని పుట్టినరోజు ఉన్నది, జన్మదినం ఉన్నది, జన్మరోజు లేదు. శుభదినం ఉన్నది, శుభరోజు లేదు. ‘వారింట్లో రేపు దినం’ అని ఎవరైనా అంటే తెలుగువారు గొంతు తగ్గించుకొంటారు, ఎందుకంటే అది పోయినవారికి జరిపే కర్మ. ‘వారింట్లో రేపు రోజు’ అంటే అసలు వాక్యమే కాలేదు. పట్టిక చదివిన పిల్లవాడు స్నేహితునికి శుభాకాంక్షలు వ్రాస్తూ ‘నీ దినం బాగా జరగాలి’ అని వ్రాస్తే తప్పు వానిది కాదు, పట్టికది.

ఈ మెలకువ మన రెండు భాషల వ్యాకరణ పరిభాషలోనే ఉన్నది. పర్యాయం అంటే వంతు. ‘రెండు పర్యాయాలు వచ్చి వెళ్లాడు’ అంటాం గదా! పర్యాయపదం అంటే ఒకదాని వంతు అయిన తరువాత తన వంతుకు వచ్చే పదం. ఉర్దూలో దీనినే ముతరాదిఫ్ అంటారు. గజల్‌లో ప్రాస తరువాత మాటిమాటికీ వచ్చే రదీఫ్ ఉన్నదే, దానిదీ దీనిదీ ఒకటే ధాతువు. ఒకే గుర్రం మీద ఒకరి వెనుక ఒకరు కూర్చొని పోవడం ఆ ధాతువుకు అర్థం. ఒకరు వంతు అన్నారు, ఒకరు వెనుక సవారీ అన్నారు. రెండింటిలో ఏ మాటా సమానమని చెప్పలేదు. ముందు కూర్చున్నవాని చేతిలో కళ్లెం ఉంటుంది, వెనుక కూర్చున్నవాని చేతిలో ఉండదు.

అరబ్బీ పండితులు ఈ విషయం మీద గట్టిగానే వాదించుకొన్నారు. 10వ శతాబ్దిలో అలెప్పో పాలకుడైన సైఫుద్దౌలా ఆస్థానంలో జరిగిందని చెప్పే ఒక ముచ్చటను జలాలుద్దీన్ సుయూతీ తన ‘అల్ ముజ్‌హిర్’ గ్రంథంలో నమోదు చేశాడు. ఇబ్న్ ఖాలవైహ్ అనే పండితుడు తనకు ఖడ్గానికి ఏభై పేర్లు తెలుసునని చెప్పుకొన్నాడట. అబూ అలీ అల్ ఫారిసీ చిరునవ్వు నవ్వి తనకు ఒక్క పేరే తెలుసునన్నాడట. అది సైఫ్. మరి ముహన్నద్, సారిమ్ మొదలైనవి ఏమిటని అడిగితే, అవి పేర్లు కావు, గుణాలు అని ఆయన సమాధానం. ముహన్నద్ అంటే హిందూదేశపు ఉక్కుతో చేసినది, సారిమ్ అంటే తెగ నరికేది. ఖడ్గం మీద ఈ చర్చ జరిగిన సభకు అధిపతి పేరులోనే సైఫ్ ఉండటం గమ్మత్తు. సైఫుద్దౌలా అంటే రాజ్యానికి ఖడ్గం. సమ్సాముద్దౌలా అన్నా అర్థం అదే. కాని ఆ బిరుదు మన దక్కను చరిత్రలో 18వ శతాబ్దికి చెందిన షానవాజ్ ఖాన్‌ది. పర్యాయపదం గదా అని ఒకరి స్థానంలో మరొకరిని నిలబెడితే చరిత్ర పరీక్షలో సున్నా వస్తుంది.

అల్ ఫారిసీ చెప్పిన గుణాల మాట మన సంస్కృత నామాలకూ అక్షరాలా వర్తిస్తుంది. దినకరుడు పగటిని చేసేవాడు. ప్రభాకరుడు వెలుగును చేసేవాడు. ఆదిత్యుడు అదితి కుమారుడు. సూర్యుని పేర్లు వల్లించే పిల్లవానికి ఒక్కొక్క పేరులో ఒక్కొక్క చిన్న కథ ఉన్నదని చెబితే వాడు వాటిని మరచిపోడు. హాజరు పట్టీ తెరిచి చూడండి. ఒకే తరగతిలో భాస్కర్, రవి, ఆఫ్తాబ్, ఖుర్షీద్ పక్కపక్కన కూర్చొని ఉండవచ్చు. నలుగురి పేర్లకూ అర్థం సూర్యుడే. తెలుగు పంతులుగారు పర్యాయపదాల పాఠానికి నల్లబల్ల దాకా వెళ్లనక్కరలేదు, హాజరు తీసుకొంటే చాలు. మరునాడు చంద్రశేఖర్, శశి, కమర్, మహతాబ్ అనే పేర్లు పిలిస్తే చంద్రుని పాఠమూ సగమవుతుంది. చంద్రశేఖరుడు చంద్రుడు కాదనీ, చంద్రుని తలపై ధరించిన శివుడనీ అప్పుడే చెప్పవచ్చు.

నేను ప్రాథమిక తరగతుల పిల్లలకు చెప్పదగిన పాఠాలలో నీటి పాఠాన్ని మించినది లేదనుకొంటాను. దానిని కాస్త వివరంగా చెబుతాను, మన విద్యార్థులలో ఎవరైనా రేపే ప్రయోగించి చూడవచ్చు. నీటికి నాలుగు పేర్లు నల్లబల్ల మీద వ్రాయండి: జలం, నీరం, వారి, అంబువు. వాటి ఎదుట మూడు చిన్న అక్షరాలు వ్రాయండి: జ, ద, ధి. జ అంటే పుట్టినది. ద అంటే ఇచ్చేది. ధి అంటే దాచుకొన్న చోటు. నీటిలో పుట్టినది తామర, నీటిని ఇచ్చేది మేఘం, నీటిని దాచుకొన్నది సముద్రం. ఇక పిల్లలను కలుపుకొనిపొమ్మనండి. జలజం, నీరజం, వారిజం, అంబుజం తామరలు. జలదం, నీరదం, వారిదం, అంబుదం మేఘాలు. జలధి, నీరధి, వారిధి, అంబుధి సముద్రాలు. నాలుగు మాటలు, మూడు అక్షరాలు నేర్చిన పిల్లవానికి పన్నెండు మాటలు వచ్చాయి. కంఠస్థం చేసినవి కావు, తానే కట్టినవి. రేపు పరీక్షలో పయోధి అనే కొత్త మాట ఎదురైతే పయస్సు నీరని తెలిసినవాడు భయపడడు.

ఇక్కడ తెలివైన పిల్లవాడు ఒక ప్రశ్న వేస్తాడు. పంకజం అంటే బురదలో పుట్టినది అయితే, కప్ప కూడా పంకజమేనా? ఈ ప్రశ్న వేసినవానిని గద్దించకండి. మన శాస్త్రకారులు ఈ సందేహాన్ని యోగరూఢి అనే పేరుతో ఎంతో గౌరవంగా చర్చించారు. అవయవార్థం పలువురికి సరిపోయినా లోకం ఒక్కరికే ఆ పేరును కట్టబెట్టింది, కప్ప దురదృష్టం అంతే.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఈ పాఠంలో మరొక తలుపు ఉన్నది. ఫార్సీలో నీరు ఆబ్. అయిదు నదుల నీరు పంజాబ్. ప్రవాహమై వచ్చే నీరు సైలాబ్, అంటే వరద. పదునైన నీరు తేజాబ్, అంటే ఆమ్లం. పువ్వు నీరు గులాబ్. పన్నీటికి పెట్టిన ఆ పేరే తరువాత పువ్వుకు అంటుకొని మన తెలుగు గులాబి అయింది. తామరకూ గులాబికీ రెండింటికీ పేరు నీటి నుండే వచ్చిందని తెలిసినప్పుడు తరగతిలో రెండు భాషల పిల్లలూ ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. ఆ చూపు కోసమైనా ఈ పాఠం చెప్పాలి.

ఇక రెండవ అన్యాయం. నా దృష్టిలో బరువైనది ఇదే.

ఉర్దూ ఇంటి బాలిక ఒకతె ‘వైద్యశాల’కు పర్యాయపదంగా ‘దవాఖానా’ అని వ్రాసిందనుకొందాం. దిద్దేవారి చేతిలోని జవాబుల పట్టికలో ‘ఆసుపత్రి’ మాత్రమే ఉన్నది. ఎర్రసిరా గీత పడుతుంది. ‘ప్రభుత్వం’ ఎదుట ‘సర్కారు’ అని వ్రాసినా, ‘వ్యయం’ ఎదుట ‘ఖర్చు’ అని వ్రాసినా పట్టికలో లేనందున గీత పడవచ్చు. పోయినది అర మార్కే కావచ్చు. కాని ఆ గీత బాలికకు చెప్పేది వేరు. నీ ఇంటి మాట తెలుగు కాదు, నీవు తెచ్చినది ఇక్కడ చెల్లదు అని చెబుతుంది. పదేళ్ల పిల్లకు ఆ మాట ఒకసారి చెప్పామంటే ఆమె తరువాత తెలుగు తరగతిలో నోరు విప్పడం మానుకొంటుంది. తన నోట వచ్చే ప్రతి మాటనూ ముందుగా అనుమానిస్తుంది.

పైగా ఆ గీతకు భాషాశాస్త్రంలోనూ ఆధారం లేదు. ఆసుపత్రి ఎక్కడిది? ఐరోపా నుండి ఓడ దిగి వచ్చిన మాట. దానికి లేని అభ్యంతరం దవాఖానాకెందుకు? 2018 నుండి హైదరాబాదులో నెలకొల్పిన బస్తీ దవాఖానాల బోర్డుల మీద ప్రభుత్వమే ఆ మాటను తెలుగులో వ్రాయించింది. బోర్డు మీద చెల్లిన మాట పరీక్షపత్రంలో చెల్లకపోవడం ఏమి న్యాయం? అన్నిటికంటే విచిత్రం రైతు సంగతి. కర్షకుడు, హాలికుడు అన్న మాటలకు పర్యాయపదంగా రైతు అని వ్రాస్తే ఏ పరీక్షకుడూ గీత గీయడు. అంతకంటే తెలుగు మాట మరొకటి లేదనుకొంటాడు. అది అరబ్బీ రయ్యత్. పాలకుని రక్షణలోని ప్రజ అని దాని తొలి అర్థం, దున్నేవాడన్న అర్థం ఈ నేల మీద స్థిరపడింది. ‘రోజు’ ఫార్సీ రోజ్. మన ముస్లిం సోదరులు రంజాన్ నెలలో పాటించే రోజా ఆ మాట బిడ్డయే. ‘కబురు’ అరబ్బీ ఖబర్. ఇవి ఎంతకాలంగా మనతో ఉన్నాయో మరచిపోయినందువల్ల ఇవి తెలుగు, దవాఖానా ఇంకా గుర్తున్నందువల్ల అది పరాయి. మతిమరుపును ప్రమాణంగా పెట్టుకొని మార్కులు వేయడం తగునా?

మన వైయాకరణులు ఇంత ఇరుకుగా ఆలోచించలేదు. తత్సమం, తద్భవం, దేశ్యంతో పాటు అన్యదేశ్యానికీ వారు పీట వేశారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1854లో తెలుగులో కలిసిన అన్యభాషాపదాల కోసమే ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. మాటలు ఒక్క వైపే ప్రయాణం చేయలేదు. పైన నల్లబల్ల మీద వ్రాసుకొన్న నీర శబ్దమే ద్రావిడభాషల నుండి సంస్కృతంలోకి వెళ్లినదని భాషాశాస్త్రజ్ఞులు పలువురి అభిప్రాయం. ఇంకొక సంగతి మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. తత్సమాలను పరిహరించి అచ్చతెలుగులో రచించిన తొలి కావ్యంగా పేరొందినది పొన్నగంటి తెలగనార్యుని యయాతి చరిత్ర. ప్రతి సంస్కృత పదానికీ దీటైన తెనుగు మాటను వెదకి పట్టుకోవడం ఆ రచన నియమం, అంటే పర్యాయపదాల అభ్యాసంలో అంతటి కఠిన పరీక్ష మరొకటి ఉండదు. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు ఇబ్రహీం కుతుబ్ షా కాలపు గోలకొండ సర్దారు అమీన్ ఖాన్. 16వ శతాబ్దిలో అచ్చతెలుగు మాటలకు ఆదరువైన ఇంటివారి పిల్లలకు 21వ శతాబ్దిలో తెలుగు మీద హక్కు లేదనడం చరిత్ర తెలియకపోవడమే. (హక్కు కూడా అరబ్బీ మాటే, పాఠకులు గమనింతురు గాక.)

అయితే ఉర్దూ మాటలన్నిటినీ కళ్లు మూసుకొని ఒప్పుకొనుమని నేననడం లేదు. నీటికి పర్యాయపదం ‘పానీ’ అని వ్రాస్తే తెలుగు పరీక్షలో దానికి మార్కు వేయనక్కరలేదు. గీత ఎక్కడ గీయాలి? నాకు తోచిన కొలత ఇది. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడేవారు ఆ మాటకు మన విభక్తులు చేర్చి తమ వాక్యంలో వాడుతున్నారా? దవాఖానాకు పోయినాడు, సర్కారువారి భూమి, ఖర్చులు పెరిగినవి. ఇవి తెలుగు వాక్యాలే. పానీ ఆ విధంగా కుదురుకోలేదు. కుదురుకోని మాట వ్రాసిన పిల్లకు కూడా గీత మాత్రమే గీసి ఊరుకోక, ఇది మీ ఇంటి భాషలో సరియైన మాట, తెలుగులో దీనిని ఇట్లా అంటారని పక్కన వ్రాస్తే ఉపాధ్యాయునికి పట్టేది అర నిమిషం.

ఇంత చెప్పినా కంఠస్థానికి నేను విరోధిని కాను. ఆ రోజులలో వీధిబడి పిల్లలు అమరకోశం వల్లించేవారు. అమరసింహుడు దానికి పెట్టిన అసలు పేరు నామలింగానుశాసనం. మూడు కాండలు, సుమారు పదిహేను వందల శ్లోకాలు. అందులో పదాలు అకారాది క్రమంలో ఉండవు, లోకం ఉన్న క్రమంలో ఉంటాయి: స్వర్గం, భూమి, పురం, కొండలు, ఓషధులు, మృగాలు, మనుషులు. తెలుగు మాటలకు అదే పని పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలో పద్యాలుగా చేసిపెట్టాడు. మక్తబులలో పిల్లలు ఖాలిక్ బారీ చదివేవారు. అరబ్బీ, ఫార్సీ, హిందవీ పర్యాయపదాలను ప్రాసలతో కట్టిన ఆ చిన్న పుస్తకాన్ని సంప్రదాయం అమీర్ ఖుస్రో పేరుతో చెబుతుంది, అది తరువాతి కాలపు రచన అని వాదించిన పండితులూ ఉన్నారు. ఎవరిదైనా గాని, ఈ పుస్తకాలన్నిటిలో కంఠానికి లయ ఉన్నది. గైడు పట్టికలో లయ లేదు, లోకం లేదు, వాక్యం లేదు. కంఠస్థంలోని శ్రమను ఉంచి సుఖాన్ని తీసివేశాం.

ఉపాధ్యాయులు చెప్పే అభ్యంతరం నాకు తెలియనిది కాదు. తరగతిలో అరవై మంది, దిద్దవలసిన కాగితాలు కట్టలు కట్టలు, ఒకే జవాబు ఉంటేనే పని ముగుస్తుందంటారు. నిజమే. కాని ప్రశ్నను కొద్దిగా మార్చితే దిద్దడం కష్టమేమీ కాదు. ‘గృహం’ అనే పదానికి పర్యాయపదం వ్రాయుము అనడానికి బదులు, ‘వరదలో మా ___ కూలిపోయింది’ అనే వాక్యమిచ్చి, ఇల్లు, నికేతనం అనే రెండింటిలో తగినదానిని ఎన్నుకొమ్మనవచ్చు. అప్పుడు జవాబు ఒక్కటే, పరీక్షించేది మాత్రం జ్ఞాపకాన్ని కాక వివేకాన్ని.

మన కళాశాల చేయగల పని ఒకటున్నది. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ ఒకే వరండాలో ఎదురెదురుగా ఉన్నా, సంవత్సరమంతా ఒకరి తలుపు ఒకరు తట్టడం అరుదు. ఈ రెండు శాఖల విద్యార్థులు పదిమంది కూర్చుంటే ప్రాథమిక తరగతుల పాఠ్యపుస్తకాలలోని నామవాచకాల నుండి రెండువందలు ఎన్నుకోవడం కష్టం కాదు. ప్రతి మాటకు తెలుగు పర్యాయపదాలు, ఉర్దూ ముతరాదిఫాత్, రెండింటికీ ఉమ్మడియైన మాట ఉంటే అదీ, ప్రతి మాటకూ ఒక్కొక్క వాక్యమూ వ్రాయాలి. వాక్యం లేని మాటను చేర్చరాదనే నియమం తప్పక పాటించాలి. అచ్చుఖర్చు లేకుండా అట్టల మీద చేతితో వ్రాసి, సమీపంలోని ప్రాథమిక పాఠశాలల గోడలకు తగిలించవచ్చు. ఉర్దూ అక్షరాలు కుడి నుండి, తెలుగు అక్షరాలు ఎడమ నుండి వచ్చి అట్ట మధ్యలో కలుస్తాయి.

కమిటీ పెద్దలకు నా మనవి స్వల్పం. వార్షికోత్సవంలో వ్యాసరచనకూ వక్తృత్వానికీ బహుమతులున్నట్లే ఈ పనికీ ఒక బహుమతి ఏర్పాటు చేయండి. అట్టలకు, రంగుసిరాలకు అయ్యే ఖర్చు వేదిక మీది పూలదండల ఖర్చును మించదు. రెండువందల మాటలలో మొదటి పది ఏవి కావాలో విద్యార్థులే నిర్ణయించుకొంటారు. నన్నడిగితే పదకొండవదిగా ‘దినము’ పెట్టమంటాను. దానికి నాలుగు వాక్యాలైనా కావలసి వస్తుంది గనుక అట్ట కొంచెం పెద్దది తెప్పించాలి.